మైనస్ 30, మైనస్ 40లో వెల్డింగ్ ట్రక్ నడవాలంటే ఏం మార్చుకోవాలి

మీరు అడిగింది ఇదీ: ట్రక్ వెనకాల డీజిల్ ఇంజిన్ వెల్డర్, ఆక్సీ ఎసిటిలీన్ సెట్టు, చిన్న కంప్రెసర్, ఎక్కువగా 7018 రాడ్ల (తేమ తగలకుండా దాచాల్సిన లో హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్లు) పని. ఇన్నాళ్ళూ మామూలు వాతావరణంలో బాగానే నడిచింది, ఇప్పుడు మైనస్ 30 కిందకి పోయే చోట చలికాలం మొత్తం సైట్ పని వచ్చింది, ఇంజిన్‌కి ఒక హీటర్ బిగిస్తే సరిపోద్దా అని. సరిపోదండి. ఇంజిన్ స్టార్ట్ అవడం పొద్దున్నే ఒక్కసారి పడే బాధ, మిగతా రోజంతా వేరే బాధలుంటాయి. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఏంటంటే చలిలో బండి ఆగిపోయినా వెల్డ్ పగిలినా వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఎక్కడో నీళ్ళే కనపడతాయి. డీజిల్‌లో నీళ్ళు, బ్రీదర్ పైపులో నీళ్ళు, ఎయిర్ లైన్లో, రాడ్ మీది ఫ్లక్స్ పూతలో, ప్లేట్ మీద, ఆఖరికి గ్లోవ్స్‌లో కూడా. కాబట్టి రిగ్ మీద ఉన్న ఒక్కో వస్తువు దగ్గరా నిలబడి ఇందులోకి తేమ ఎట్లా వస్తది, వచ్చింది ఎక్కడ గడ్డకడద్ది అని చూస్కుంటూ పోండి, సగం సెటప్ దానంతటదే తేలిపోద్ది.

ముందు స్టార్టింగ్ సంగతి త్వరగా చెప్పేస్తా, ఇది అందరికీ తెలిసిందే. 15డబ్ల్యూ-40 ఆయిల్ తీసేయండి. ఆ "డబ్ల్యూ" ముందు అంకె చలిలో క్రాంకింగ్ (స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పడం) టెస్టుకి సంబంధించింది, 15డబ్ల్యూకి ఆ టెస్ట్ మైనస్ 20 దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకి మైనస్ 30, 0డబ్ల్యూకి మైనస్ 35. మీ ఇంజిన్ మాన్యువల్ ఒప్పుకుంటే సింథటిక్ 0డబ్ల్యూ-40 వేసుకోండి. కూలెంట్ సగం గ్లైకాల్ సగం నీళ్ళు అయితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు, 60 పాళ్ళు గ్లైకాల్ అయితే మైనస్ 50 దాకా. అట్లాగని నీళ్ళు కలపకుండా మొత్తం గ్లైకాలే పోసేవాళ్ళు ఉన్నారు, అది తప్పు, ఒట్టి ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడద్ది. బ్యాటరీ మైనస్ 18లో సుమారు సగం బలమే ఇస్తది, అదే టైంలో చిక్కబడ్డ ఆయిల్ తిప్పడానికి ఇంజిన్ ఇంకా ఎక్కువ అడుగుద్ది. ఇంకోటి, ఫుల్ చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50కి కూడా గడ్డకట్టదు, కానీ పూర్తిగా దిగిపోయింది మైనస్ 10 కూడా రాకముందే గడ్డకట్టుద్ది. కేస్ ఉబ్బినట్టు కనపడితే జంపర్ కేబుల్ తగిలించొద్దు, చార్జర్ కూడా పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది.

హీటర్లు అంటే ఇంజిన్‌లోని కూలెంట్‌ని వేడిచేసే బ్లాక్ హీటర్ ఒక్కటే కాదు, ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద ప్యాడ్ హీటర్, బ్యాటరీకి హీటింగ్ బ్లాంకెట్, మూడూ పెట్టి స్టార్ట్ చేయడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి ఆన్‌లో ఉంచాలి. కరెంటు దొరకని సైట్ అయితే వెబాస్టో, ఎస్పార్ లాంటి డీజిల్‌తో నడిచే కూలెంట్ హీటర్ పెట్టించుకోండి, ఖర్చు ఎక్కువే గానీ ఇట్లాంటి చోట అది లేకుండా నేనైతే వెళ్ళను. స్టార్ట్ అవ్వడానికి గాలిలోకి కొట్టే ఈథర్ స్ప్రే జోలికి పోవద్దు, చలిలో లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు గానీ ఇన్‌టేక్ హీటర్ గానీ ఉన్న ఇంజిన్‌లో ఈథర్ కొడితే పిస్టన్లు పగిలిపోయేంత దెబ్బ తగుల్తది.

డీజిల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. డీజిల్‌లో మైనం ఉంటది, చల్లబడే కొద్దీ అది తెల్లగా పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తది, చూస్తే కరిగించి ఆరబెట్టిన కొవ్వొత్తిలా ఉంటది. చలి ప్రాంతాల్లో వింటర్ డీజిల్ అమ్ముతారు, ట్రక్ ట్యాంక్ అక్కడికి చేరాక నింపుతాం కాబట్టి దానికి ఏం కాదు. అయితే వెల్డర్ ట్యాంక్ వేరు కదా, దాంట్లో మీరు వెచ్చటి ఊర్లో పోసిన పాత డీజిల్ అట్లాగే ఉంటది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బయల్దేరే ముందే అది దాదాపు ఖాళీ చేసి, దారిలో చలి మొదలయ్యే చోట వింటర్ డీజిల్ పోసి, వెల్డర్‌ని కాసేపు నడపండి, ఫిల్టర్‌లో లైన్లలో ఉన్న పాతది కూడా పోవాలి. యాంటీ జెల్ యాడిటివ్ వాడేట్టయితే మైనం కట్టకముందే కలపాలి, కట్టాక పోస్తే కరగదు. వాటర్ సెపరేటర్‌ని సాయంత్రం ఇంజిన్ ఆపిన వెంటనే, ఇంకా వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ చేయండి, పొద్దున్నకి అదంతా ఐస్ గడ్డ అయిపోద్ది, డ్రెయిన్ వాల్వ్ కూడా తిరగదు. రాత్రి ట్యాంకులు నిండుగా ఉంచితే లోపల గాలి తక్కువ, తడి కూడా తక్కువ పేరుకుంటది. స్పేర్ ఫ్యూయల్ ఫిల్టర్లు క్యాబిన్‌లో వెచ్చగా ఉంచుకోండి.

ఇక క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే పెట్టె) బ్రీదర్. ఈ ఒక్క పైపు గురించి ఎవరూ చెప్పరు, ఇంజిన్లు పాడయ్యేది మాత్రం దీనివల్లే. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి జారే గ్యాస్‌లో నీటి ఆవిరి చాలా ఉంటది, అది బ్రీదర్ ట్యూబ్ గుండా బయటికి వస్తది. మైనస్ 30 గాలి తగలగానే ట్యూబ్ చివర లోపలి అంచు మీద సన్నగా మంచు పొర కడద్ది, దాని మీద ఇంకో పొర, మధ్యలో రంధ్రం పెన్సిల్ అంత, తర్వాత సూది అంత, తర్వాత ఏమీ ఉండదు. అప్పుడు లోపల ప్రెషర్ పెరిగి డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తది, లేదంటే క్రాంక్ సీల్ బయటికొచ్చి ఆయిల్ మొత్తం మంచులో పోద్ది, మీరేమో హెల్మెట్ కింద తల పెట్టి వెల్డ్ చేస్తూ ఉంటారు, ఇంజిన్ శబ్దం మారేదాకా తెలీదు. కాబట్టి ట్యూబ్ పొట్టిగా ఉండాలి, గాలికి ఎదురుగా వేలాడకూడదు, వీలైనంతవరకు ఇంజిన్ వేడి తగిలే చోటే ముగియాలి, బయట ఉన్న ముక్కకి ఇన్సులేషన్ చుట్టాలి, లేదా హీట్ ట్రేస్ వైర్ (కరెంటుతో వేడెక్కే తీగ) వేయాలి. ఇంజిన్ వేడి తగిలే పై భాగంలో ట్యూబ్‌కి చిన్న గాటు పెట్టి ఉంచితే కింద మూసుకుపోయినా అక్కడి నుంచి గాలి పోద్ది. బ్రీదర్ గాలి తిరిగి ఇన్‌టేక్‌లోకి పోయే క్లోజ్డ్ సిస్టమ్ అయితే మాత్రం గాట్లు పెట్టొద్దు, కంపెనీ వాళ్ళ కోల్డ్ వెదర్ కిట్ ఉందేమో అడిగి అదే వేయించండి. రోజులో రెండు మూడు సార్లు ట్యూబ్ చివర గ్లోవ్ పెట్టి చూడండి, ఊపిరి తగలాలి.

దీనికి తోడు, ఖాళీగా తక్కువ ఐడిల్‌లో గంటలు గంటలు నడిపితే డీజిల్ ఇంజిన్ అసలు వేడెక్కదు, కాలని ఇంధనం ఎగ్జాస్ట్‌లో నల్లగా చేరుద్ది, ఆయిల్‌లో తేమ మిగిలిపోద్ది. ఆయిల్ క్యాప్ తీస్తే కింద తెల్లటి నురుగు కనపడిందంటే అదే. హై ఐడిల్‌లో ఉంచండి, రేడియేటర్ ముందు సగం కవర్ వేయండి, ఆయిల్ మామూలు కంటే తొందరగా మార్చండి. కవర్ వేసేటప్పుడు వెల్డర్ జనరేటర్ వైపు గాలి పోయే దారి మాత్రం మూయకండి, వైండింగులకి చలికాలంలో కూడా గాలి కావాలి. అటు వైపు పొడి మంచు ఎగిరొచ్చి లోపలికి పోకుండా ఒక అడ్డు ఉండాలి, ఎందుకంటే ఫ్యాన్ లాక్కున్న మంచు వేడి వైండింగ్ మీద కరిగి, రాత్రి అక్కడే గడ్డకట్టి, పొద్దున్నే ఫ్యాన్‌ని పట్టేసుకుంటది. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కూడా ఉంటే దాన్ని వెచ్చటి గదికీ చలికీ మధ్య తిప్పకండి. తప్పనిసరిగా లోపలికి తేవాలంటే పెద్ద ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తెచ్చి, గది వేడికి వచ్చేదాకా అట్లాగే ఉంచండి, చెమ్మ సంచి మీద పడుద్ది గానీ లోపలి సర్క్యూట్ బోర్డుల మీద పడదు.

కేబుళ్ళు పీవీసీ తొడుగువి అయితే మార్చేయండి, ఆ చలిలో కర్రలా బిగుసుకుని వంచితే పగుల్తాయి, ఈపీడీఎం రబ్బర్‌వి తీసుకోండి. రాత్రి చుట్టి వెచ్చగా ఉన్న బాక్స్‌లో పెట్టండి. ఎర్త్ క్లాంప్ పెట్టే చోట కంటికి కనపడని మంచు పొర ఉంటది, గ్రైండర్ వేసి మెరిసేదాకా తీసి పెట్టండి, లేకపోతే ఆర్క్ దోబూచులాడుద్ది, మీరు మెషిన్‌ని అనుమానిస్తారు.

గ్యాస్ సిలిండర్ల విషయంలో గేజ్ చూసి కంగారు పడొద్దు. 27 డిగ్రీల దగ్గర 150 బార్ చూపించిన ఆక్సిజన్ సిలిండర్ మైనస్ 33లో సుమారు 120 చూపిస్తది, లీకేం కాదు, చల్లబడితే గ్యాస్ ప్రెషర్ అంతే. ఎసిటిలీన్ కథ వేరు, అది లోపల అసిటోన్‌లో కరిగి ఉంటది, చలికి బయటికి రావడానికి మొరాయిస్తది. మామూలు రోజుల్లోనే గంటకి సిలిండర్‌లో పదో వంతుకి మించి లాగకూడదు, ఆపకుండా వాడితే పదిహేనో వంతు, చలిలో అంతకంటే తక్కువే లాగాలి, ఎక్కువ లాగితే గ్యాస్‌తో పాటు అసిటోన్ కూడా వచ్చేసి మంట రంగు మారిపోద్ది. పెద్ద టిప్‌తో హీటింగ్ చేసే పని ఉంటే రెండు మూడు సిలిండర్లు ఒకే లైన్‌కి కలిపి మ్యానిఫోల్డ్ చేసుకోండి. ప్రెషర్ రావట్లేదని రెగ్యులేటర్ 1 బార్ దాటించొద్దు, సిలిండర్‌కి మంట చూపించొద్దు, ఎవరు చెప్పినా వినొద్దు. వాల్వ్ గడ్డకడితే గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ, అంతే, ఆ తర్వాత పొడిగా తుడవాలి.

ప్రీహీట్‌కి (వెల్డ్ ముందు ప్లేట్ వేడిచేయడానికి) ఎల్‌పీజీ మీద ఆధారపడదామనుకుంటే సిలిండర్‌లో ఏముందో ముందు కనుక్కోండి. ప్రొపేన్ మరిగేది మైనస్ 42 దగ్గర, అంటే మైనస్ 30లో గేజ్ మీద ఒక బార్ కూడా రాదు, మైనస్ 40లో దాదాపు సున్నా. బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం ఆగిపోద్ది, బ్యూటేన్ ఎక్కువ కలిసిన సిలిండర్ మీకు బరువు తప్ప ఏం కాదు. సిలిండర్లకి గాలి ఆడే, ఇన్సులేషన్ ఉన్న బాక్స్ కట్టించండి, కింద పైన వెంట్లు ఉండాలి. క్యాబిన్‌లో మాత్రం ఏ సిలిండర్ పెట్టొద్దు. మిగ్ (గ్యాస్ కాపలాతో వైర్‌తో చేసే వెల్డింగ్) సంగతి అడగలేదు గానీ ఒక్క మాట, సీఓ2 రెగ్యులేటర్‌కి హీటర్ ఉండాలి, గాలి గంటకి 8 కిలోమీటర్లు దాటితే షీల్డింగ్ గ్యాస్ వెల్డింగ్ ఆపమని ఏడబ్ల్యూఎస్ డీ1.1 కోడ్ (స్టీల్ కట్టడాల వెల్డింగ్‌కి అమెరికా నియమాలు) చెప్తది. బయట పనికి రాడ్డే నయం.

ఇప్పుడు అసలైన భాగం, వెల్డ్. మెషిన్ చెడిపోతే బాగుచేసుకుంటాం, మనం వేసిన జాయింట్ రెండు రోజుల తర్వాత లోపల పగిలితే దాని కింద ఎవరు నిలబడి ఉంటారో మనకి తెలీదు. చల్లటి ప్లేట్ బీడ్ (రాడ్ కరిగి పడిన వెల్డ్ గీత) వేడిని ఒక్కసారిగా లాగేస్తది, పక్కన మెటల్ గట్టిపడి పెళుసవుద్ది, తేమ వల్ల వచ్చిన హైడ్రోజన్ అక్కడే ఇరుక్కుంటది, జాయింట్ బిగువు లాగుతూనే ఉంటది. ఈ మూడూ కలిస్తే బీడ్ కింద పగులు వస్తది, అది వెంటనే కనపడదు, గంటల తర్వాత, ఒక్కోసారి రెండు రోజుల తర్వాత వస్తది. అందుకే డీ1.1లో బేస్ మెటల్ సున్నా కంటే చల్లగా ఉంటే కనీసం 20 డిగ్రీలకి వేడిచేసి వెల్డ్ అయ్యేదాకా నిలబెట్టమంటారు, చుట్టూ గాలి మైనస్ 20 కింద ఉంటే వెల్డే చేయొద్దంటారు. ఆ మైనస్ 20 అనేది ఊరి వాతావరణం కాదు, జాయింట్ పక్కన ఉండే గాలి. కాబట్టి టెంట్ వేసి లోపల వేడి పెట్టుకుంటే పని చేయొచ్చు. మందం ప్లేటుకి, హై స్ట్రెంగ్త్ స్టీల్‌కి 20 సరిపోదు, మీ డబ్ల్యూపీఎస్‌లో (ఆ పనికి రాసిచ్చిన వెల్డింగ్ పద్ధతి కాగితం) ఎంత రాసి ఉందో అంత.

టార్చ్ పెట్టగానే ప్లేట్ మీద చెమటలా నీటి బొట్లు వస్తాయి. స్టీల్ లోపల తేమ బయటికొస్తోంది అంటారు చాలామంది, కాదు, మంట కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లటి ప్లేట్ మీద పడి నీరవుద్ది. ఆ బొట్లు ఎండిపోయాయి కదా అని వెంటనే రాడ్ కొట్టేస్తే వేడంతా పైపైనే ఉంటది, రెండు నిమిషాల్లో లోపలి చలి మళ్ళీ పైకొస్తది. జాయింట్‌కి అటూ ఇటూ కనీసం 75 మిల్లీమీటర్ల దాకా వేడి చేసి, మంట తీసి, కాస్త ఆగి, వీలైతే వెనక వైపు నుంచి కొలవండి. టెంపరేచర్ క్రేయాన్ (ఫలానా వేడికి కరిగే చాక్) నాకు ఎక్కువ నమ్మకం, ఇన్‌ఫ్రారెడ్ గన్ గ్రైండ్ చేసి మెరుస్తున్న స్టీల్ మీద తక్కువ చూపిస్తది, పైగా దాని బ్యాటరీ చలికి పడుకుంటది, జాకెట్ లోపల జేబులో పెట్టుకోండి. ట్యాక్‌లకి (ముక్కల్ని పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు) కూడా ఇదే ప్రీహీట్. చిన్న ట్యాకే కదా అని చల్లటి ప్లేట్ మీద వేస్తారు, అన్నిటికంటే వేగంగా చల్లబడేది ఆ చిన్న ట్యాకే, ముందు పగిలేదీ అదే. పని సగంలో ఆపి భోజనానికి పోవద్దు, అయ్యాక జాయింట్‌కి హీట్ బ్లాంకెట్ చుట్టి మెల్లగా చల్లారనివ్వండి.

రాడ్లు: 7018లు ఓవెన్‌లో 120 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలి, జనరేటర్ ప్లగ్ మీద నడిచే చిన్న పోర్టబుల్ ఓవెన్ చాలు, చేతికి కావాల్సినన్నే తీసుకోండి. బయట నాలుగు గంటలు దాటినవి వాడొద్దు. రీబేక్ చేయాలంటే, అంటే మళ్ళీ వేడిచేసి ఎండబెట్టాలంటే, 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం 2 గంటలు, అది ఫీల్డ్ ఓవెన్‌తో అయ్యే పని కాదు. ట్రక్‌లో చల్లబడిన సీల్డ్ డబ్బాని వెచ్చటి టెంట్‌లోకి తెచ్చి వెంటనే తెరవొద్దు, డబ్బా వెచ్చబడేదాకా ఆగండి, లేకపోతే తెరిచిన క్షణంలో రాడ్ల మీద తేమ పడుద్ది. 6010 రకం రాడ్‌ని మాత్రం ఓవెన్‌లో పెట్టొద్దు, దాని ఫ్లక్స్‌కి కొంత తేమ ఉండాలి, ఎండబెడితే ఆర్క్ పాడవుద్ది.

ఇంకా ముఖ్యమైనది, ఆ జాయింట్ ఆ చలిలోనే బతకాలి. 7018కి ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బకి పగలకుండా ఎంత తట్టుకుంటదో చూసేది) మైనస్ 30 దగ్గర 27 జౌల్స్, 7018-1కి అంతే బలం మైనస్ 45 దగ్గర. 6013 రాడ్‌కి ఇంపాక్ట్ గ్యారంటీయే లేదు, నున్నగా పడుద్ది కదా అని లోడ్ పడే చోట వాడొద్దు. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ రేవులో కదలకుండా నిలబడి ఉండగానే దాదాపు రెండు ముక్కలైంది, అప్పుడు గాలి సున్నాకి కొంచెం కిందే ఉంది. మామూలు స్టీల్ చలికి పెళుసవుద్ది, మీ ట్రక్ మీద ఉన్న చెయిన్లు, హుక్కులు, జాక్‌లు కూడా స్టీలే, బరువు ఎత్తేటప్పుడు కుదుపు ఇవ్వకండి.

టెంట్ నిప్పు అంటుకోని గుడ్డదే వేయండి, హీటర్ పొగ, ఇంజిన్ పొగ లోపలికి రాకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం లోపల ఒకటి, పడుకునే చోట ఒకటి. చలికి అన్ని సందులూ మూసేయాలనిపిస్తది, పైన ఒక వెంట్ వదలండి.

ఒంటి మీద లోపల ఉన్ని, పైన లెదర్ గానీ ఎఫ్ఆర్ (త్వరగా నిప్పు అంటుకోని) కాటన్ గానీ. నైలాన్, ఫ్లీస్ నిప్పురవ్వకి కరిగి చర్మానికి అంటుకుంటాయి. గ్లోవ్స్ రెండు మూడు జతలు పెట్టుకుని తడిసినవి క్యాబిన్ హీటర్ దగ్గర ఆరబెడుతూ మార్చండి, మంచు కరిగి తడిసిన గ్లోవ్‌తో రాడ్ మారిస్తే షాక్ కొడద్ది. ఆటో డార్కెనింగ్ హెల్మెట్లకి చాలావాటికి మైనస్ 5 నుంచి మైనస్ 10 దాకానే పనిచేసే హద్దు రాసి ఉంటది, అంతకంటే చల్లబడితే గ్లాస్ నల్లబడడం ఆలస్యమవుద్ది, ఆర్క్ వెలుగు కళ్ళకి కొడుద్ది. మామూలు షేడ్ 10 గ్లాస్ హెల్మెట్ ఒకటి కచ్చితంగా ఉంచుకోండి. లిథియం బ్యాటరీ టూల్స్‌ని సున్నా కింద చార్జ్ చేయొద్దు, ముందు క్యాబిన్‌లో వెచ్చబడనివ్వండి. కంప్రెసర్ ట్యాంక్ ప్రతి సాయంత్రం పూర్తిగా డ్రెయిన్ చేసి వాల్వ్ తెరిచి వదిలేయండి.

మీ వెల్డర్ లిక్విడ్ కూల్డో ఎయిర్ కూల్డో చెప్పలేదు. ఎయిర్ కూల్డ్ అయితే పైన చెప్పిన కూలెంట్, బ్లాక్ హీటర్ సంగతులు వర్తించవు, సంప్ ప్యాడ్ హీటర్‌తో పాటు ఇంజిన్ చుట్టూ కప్పే ఇన్సులేటెడ్ కవర్ చేయించి రాత్రి కింద నుంచి వేడి గాలి ఇవ్వాలి, స్టార్ట్ చేసే ముందు మాత్రం కవర్ తీసేయాలి. మోడల్, ప్లేట్ మందం, స్టీల్ గ్రేడ్ చెప్తే బ్రీదర్ ట్యూబ్ ఎటు తిప్పాలో, ప్రీహీట్‌కి ఎన్ని సిలిండర్లు పడతాయో లెక్కేసి చెప్తాను.